సమస్య: ‘ముట్టకయె కొట్టి రాతని మూకలెల్ల’

నిర్వాహకులు: తేటగీతి. ఎవరిదైనా ఇంటిపేరు వాడుకమాటగా మారిన కథతో పూరించండి. దయ్యాలూ చేతబడులూ వద్దు, పోయినసారి చాలా వచ్చాయి.

కాకినాడ సభ్యురాలు:

కోత కూలీలు రారైరి; కొట్టు వాడు
సరకు నీయడు; జాబుల సంచి రాదు;
కౌలు దండెడి బాయ్‌కాటు గడప మాని
ముట్టకయె కొట్టి రాతని మూకలెల్ల

1880, ఐర్లండులోని మేయో. లార్డ్ ఎర్న్ భూముల ఏజెంటు కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్, కౌలు బాకీపడ్డ రైతులకు ఖాళీ నోటీసులు పంపాడు. మూడు రోజుల ముందే ఎన్నిస్ సభలో ఐరిష్ నాయకుడు పార్నెల్ వెలివేత మంత్రం చెప్పి ఉన్నాడు. ‘ఆస్ట్రసైజ్’ (వెలివేయడం) అంటే రైతులకు నోరు తిరగదని, ఫాదర్ ఓమాలీ ‘బాయ్‌కాట్ చేయండి’ అందామన్నాడట.

నిర్వాహకులు: బాగుందమ్మా. ఉకారం చేర్చడంతో ‘కాటు’ కూడా పడింది!

హైదరాబాదు సభ్యుడు: పద్యం సరే గానీ, ‘ముట్టకయె’ పూర్తి నిజం కాదండీ. టపాసంచి మోసే పన్నెండేళ్ల కుర్రాణ్ణి కొట్టారని బాయ్‌కాటే టైమ్స్ పత్రికకు రాశాడు.

కాకినాడ సభ్యురాలు: సమస్యలో ‘ఆతని’ అని ఉంది కదండీ. దెబ్బ తిన్నది కుర్రాడు!

డాలస్ సభ్యుడు: నాది క్రికెటర్ జెఫ్రీ బాయ్‌కాట్ మీద. 1967లో లీడ్స్‌లో మనమీద 246 నాటౌట్. నిదానంగా ఆడాడని తర్వాతి టెస్టుకు తీసేశారు.

రన్ను లిన్నూట నలుబదా ఱైన గాని
జిడ్డు బ్యాటింగు నీ దని చీటి చింపి
పెద్ద లింగ్లండు జట్టులో పెట్టరైరి
ముట్టకయె కొట్టి రాతని మూకలెల్ల

నిర్వాహకులు: ఇంటిపేరు తిరిగొచ్చి ఆ ఇంటిపేరువాడికే తగలడం భలే ఊహ. మొదటి పాదంలో యతి పోయింది. ఆఱు+ఐన సంధి కదా, అక్కడ అచ్చుకే మైత్రి చూడాలి. ‘ర’కు ‘ఐ’ కుదరదు. ఇలా మార్చండి:

రన్ను లిన్నూరు దాటించి రాణ కెక్క

డాలస్ సభ్యుడు: నలభై ఆరు పరుగులు కోసేశారు మాస్టారూ! సరే, ఒప్పుకున్నా.

కాకినాడ సభ్యురాలు: సెలెక్టర్లను ‘మూకలు’ అన్నందుకు నా ఓటు ఈయనకే.

హైదరాబాదు సభ్యుడు: అసలు తమాషా కెప్టెన్ బాయ్‌కాట్ పొలం కోతల దగ్గరుంది. అయిదు వందల పౌన్ల పంట కోయడానికి ఐర్లండు ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ నుంచి యాభై మంది, వాళ్లకు కాపలాగా సైన్యం, మొత్తం ఖర్చు పది వేల పౌన్లు! ఇది తేటగీతిలో పట్టదు, సీసం రాస్తాను. రేపటిదాకా గడువివ్వండి.