ఎల్ ఆగ్వా అంటారు, పక్కనే ఫ్రీయా అంటారు, ఇంతకీ ఆగ్వా ఆడా మగా?

స్పానిష్‌తో_కుస్తీ:
స్పానిష్ ఏ2 లెవెల్ (కింది నుంచి రెండో మెట్టు) చదువుతున్నానండి. ఓ తో ముగిస్తే మగ, ఆ తో ముగిస్తే ఆడ అని మొదట్లో చెప్పారు, సరే అనుకున్నా, ఇప్పుడేమో చల్లటి నీళ్ళంటే ఎల్ ఆగ్వా ఫ్రీయా అట. ముందు మగ ఆర్టికల్, వెనక ఆడ విశేషణం, ఇదేం లెక్క? ఇవి చాలక ఎల్ ప్రొబ్లేమా (సమస్య), లా మానో (చెయ్యి), ఆ తో ముగిసినదానికి మగ ఎల్, ఓ తో ముగిసినదానికి ఆడ లా. బట్టీ కొట్టడం నా వల్ల కాదు, లాజిక్ ఉంటే చెప్పండి.

మాడ్రిడ్_బాబాయ్:
ఆగ్వా పక్కా ఆడే. లాటిన్‌లోని ఆడ మాట ఇల్లా పాత స్పానిష్‌లో ఏలా అయింది, అచ్చు ముందు దాని చివరి ఆ ఎగిరిపోయి ఎల్ మిగిలింది, మన సంధిలో అచ్చు లోపించినట్టే, అంటే చూడ్డానికి మగ ఆర్టికల్‌లా ఉంది గానీ పుట్టుక ఆడదే. మాట మొదటి ఆ మీద ఊనిక పడితేనే ఇలా. ఎల్ ఆగిలా (గద్ద), ఎల్ ఆల్మా (ఆత్మ) కూడా అంతే. అమీగా (స్నేహితురాలు)లో ఊనిక 'మీ' మీద పడుతుంది కాబట్టి లా అమీగానే. బహువచనంలో లాస్ ఆగ్వాస్ ఫ్రీయాస్, మధ్యలో ఇంకో మాట దూరితే లా మీస్మా ఆగ్వా (అవే నీళ్ళు). 'ఈ నీళ్ళు' అనడానికి ఆడ రూపం ఎస్తా ఆగ్వా అనాలి, కానీ స్పెయిన్‌లో వాళ్ళే మగ రూపం ఎస్తె ఆగ్వా అనేస్తుంటారు, స్పానిష్ భాషా అకాడమీ మాత్రం ఒప్పుకోదు.

గ్రీకువీరుడు:
ప్రొబ్లేమా, సిస్తేమా (వ్యవస్థ), తేమా (విషయం), క్లీమా (వాతావరణం), ఇదియోమా (భాష) ఇవన్నీ గ్రీకు నుంచి వచ్చిన సరుకు, అందుకే మగ. అలాగని మా కనపడగానే ఎల్ తగిలించకండి, మంచం లా కామానే. మానో లాటిన్‌లోనే స్త్రీలింగం, అలాగే వచ్చేసింది.

గోదారి_పిల్ల:
లింగం కన్నా మనవాళ్ళకి దెబ్బ పడేది విశేషణాల దగ్గర. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు, మనకి 'మంచి' కదలదు కదా, అక్కడేమో బ్వేనో, బ్వేనా, బ్వేనోస్, బ్వేనాస్. నామవాచకం పక్కనే ఉంటే పర్లేదు, లాస్ కమీసాస్ కె కొంప్రే అయేర్ సోన్ రోహాస్ (నిన్న నేను కొన్న చొక్కాలు ఎర్రవి) లాంటి వాక్యంలో చివరికొచ్చేసరికి చొక్కాల సంగతే మర్చిపోయి రోహో అనేస్తారు. ఇంకోటి, మనం జనం వచ్చారు అంటాం, వాళ్ళకి హెంతె (జనం) ఏకవచనం, పైగా ఆడ, గదినిండా మగాళ్ళే ఉన్నా లా హెంతె ఎస్తా కన్సాదా (జనం అలిసిపోయారు) అనే అంటారు.

స్పానిష్‌తో_కుస్తీ:
సూపర్ అండి. ఎల్ ఆర్తె (కళ) కూడా ఆగ్వా బాపతేనా?

మాడ్రిడ్_బాబాయ్:
కాదు, అది ఇంకా ఘోరం 😄 ఒక్కటైతే మామూలుగా మగ, ఆర్తె మొదేర్నో (ఆధునిక కళ). ఎక్కువైతే ఆడ, లాస్ బేయాస్ ఆర్తెస్ (లలిత కళలు). దీన్ని మాత్రం బట్టీ కొట్టాల్సిందే.