పిల్లల రాతలు ఆన్‌లైన్‌లో పెట్టాలంటే బడి నియమాలు ఎలా ఉండాలి?

పర్లాకిమిడి తెలుగు టీచర్:
మా బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు తెలుగు చెబుతాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, ఇప్పుడు ఒడిశాలో ఉంది. ఏటా ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న దండలు వేసి ఉపన్యాసాలతో సరిపెట్టడం నాకు నచ్చదు. అందుకే ఈసారి పిల్లలు ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గర పాటలు, సామెతలు, సంత కబుర్లు సేకరిస్తున్నారు. సరిహద్దు అవతల, ఆంధ్రలోని పాతపట్నం పిల్లలూ కలిశారు. అందరూ ఒకే గూగుల్ డాక్‌లో రాస్తున్నారు. బాగున్నవి బడి వెబ్‌సైట్‌లో పెడదామంటే హెడ్‌మాస్టరుగారు ఒప్పుకున్నారు గానీ, ముందు నియమాలు రాసి చూపించమన్నారు.

పేర్లు, ఫోటోలు, గొంతులు వేయవచ్చా? ఇంకో బాధ ఉంది. తల్లిదండ్రుల అంగీకార పత్రం ఒడియాలో, ఇంగ్లీషులో ఉంది. మా పిల్లల తల్లుల్లో చాలామందికి ఆ రెండూ చదవడం రాదు. బడి అడిగిందని సంతకం పెట్టేస్తారు. దాన్ని అంగీకారమనడానికి నా మనసు ఒప్పడం లేదు.

రాయగడ కంప్యూటర్ మాస్టారు:
టీచరుగారూ, ముందు ఆ డాక్ షేరింగ్ చూడండి. 'లింక్ ఉన్న ఎవరైనా' అని ఉంటే, ఆ లింకు ఏ వాట్సాప్ గ్రూపుకు చేరితే ఆ గ్రూపు వాళ్లంతా తెరవగలరు. దాన్ని మార్చి, పిల్లల బడి ఖాతాలను మాత్రమే చేర్చండి. ఒకరి రాత ఇంకొకరు చెరిపేస్తారన్న టెన్షన్ వద్దు, వెర్షన్ హిస్టరీలోంచి పాతది తిరిగి తెచ్చుకోవచ్చు. అయినా తోటివాళ్ల పేరా నేరుగా దిద్దకూడదు, సూచనగా మాత్రమే పెట్టాలి అని రాయండి. పిల్లల మధ్య తగవులు అక్కడే మొదలవుతాయి.

మన చిన్న ఊళ్లలో ఇంటిపేరు, తరగతి చెబితే చాలు, పిల్లను పట్టుకోవచ్చు. కలం పేర్లు పెట్టుకోనివ్వండి. ఫోటోల్లో యూనిఫాం బ్యాడ్జి, ఇంటి గుమ్మం కనిపించకూడదు. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు ఫోటో ఫైల్లోనే నమోదవుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరం పోతుంది, డాక్యుమెంటుగా పంపితే అలాగే ఉంటుంది.

బరంపురం అమ్మ:
మా పాప కవితను ఒకచోట పూర్తి పేరు, ఊరు, ఫోటోతో సహా వేశారు. కొన్నాళ్లకు ముక్కూమొహం తెలియనివాడు ఇన్‌స్టాగ్రామ్‌లో "నీ కవిత చాలా బాగుంది" అని మొదలుపెట్టి, నంబరు అడిగాడు, తర్వాత ఫోటో అడిగాడు. పాప అదే రోజు నాకు చెప్పింది. ఫోన్ లాక్కోనని, రాయడం మాన్పించనని దానికి నమ్మకం ఉంది కాబట్టి చెప్పింది. టీచరుగారూ, మీ నియమాల్లో అన్నిటికంటే పైన ఈ మాట ఉండాలి: ఎవరైనా ఇబ్బంది పెట్టారని చెప్పిన పిల్లను తిట్టం, ప్రాజెక్టు నుంచి తీసేయం. ఎవరికి చెప్పాలో ఒక టీచరు పేరు కూడా రాయండి. సంభాషణ చెరపకుండా ఉంచుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు చేయవచ్చు. పిల్లల అసభ్య చిత్రం ఏదైనా వస్తే మాత్రం, సాక్ష్యం కోసమని కూడా గ్రూపుల్లోకి పంపకూడదు.

గుణుపురం వకీలు:
2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అంగీకారం కావాలంటుంది, దాన్ని వెనక్కి తీసుకునే హక్కూ ఇస్తుంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అమలు విడతలవారీగా జరుగుతోంది. మీకు పనికొచ్చే మాట ఇది: అంగీకారం అడిగే కాగితాన్ని ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలుండాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. మీరు దయ అడగడం లేదమ్మా, హెడ్‌మాస్టరుగారికి ధైర్యంగా చెప్పండి.

పర్లాకిమిడి తెలుగు టీచర్:
వకీలుగారూ, గిరిజనుల సవర భాష ఆ షెడ్యూలులో లేదు కదా. మా తరగతిలో సవర పిల్లలూ ఉన్నారు. వాళ్ల ఇళ్లకు భాష తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి, నోటితోనే చెప్పి అడుగుతాను. పాట పాడిన అవ్వను కూడా అడగాలి, గొంతు ఆవిడది. తల్లి సరేనన్నా పిల్ల వద్దంటే వేయం. తర్వాత ఎప్పుడు తీసేయమన్నా, ఎందుకని అడగకుండా తీసేస్తాం.

బరంపురం అమ్మగారి మాట మొదటి నియమంగా రాశాను. తెలుగు ప్రతి సిద్ధమవుతోంది. పాతపట్నం టీచరు కూడా ఇవే నియమాలకు ఒప్పుకునేదాకా డాక్‌లో ఉన్నవేవీ బయటపెట్టను.