"మాట వజ్రం, మనసు వెన్న": ఈ మాట ఎవరిది, ఎవరి గురించి?

అడిగినవారు, అక్కయ్యపాలెం:
అందరికీ నమస్కారం. ఫోన్‌లో ఒక సీరియల్ చదువుతున్నాను. హీరోకి రుషికొండ మీద ఐటీ కంపెనీ. నవ్వడు, ఎవరితోనూ కలవడు. చిన్నప్పుడే తల్లి వదిలేసి వెళ్లిపోయిందట, అప్పట్నుంచీ అంతే. ఒక భాగంలో హీరోయిన్ తెచ్చిన ఫైలు స్టాఫ్ అందరి ముందూ విసిరికొట్టి, "రేపట్నుంచి నీ మొహం నాకు కనపడకూడదు" అంటాడు. ఆ రాత్రే హీరోయిన్ వాళ్ల నాన్న ఆపరేషన్‌కి డబ్బు కట్టేసి, తన పేరు చెప్పొద్దని క్యాష్ కౌంటర్లో చెప్పి వెళ్లిపోతాడు. అది తెలిసి హీరోయిన్ నానమ్మ, "వాడి మాట వజ్రమే గానీ మనసు వెన్న, పాతవాళ్లు ఊరికే అనలేదు" అంటుంది. కింద కామెంట్ల నిండా కళ్లనీళ్ల బొమ్మలే. ఆ పాతవాళ్లు ఎవరు? పద్యం ఉంటే పూర్తి పాఠం, అర్థం చెప్పగలరా? మా అమ్మ వేమన అంటోంది.

పెందుర్తి నుంచి:
వేమన కాదమ్మా, నన్నయ. మాకు స్కూల్లో ఉండేది. "నిండు మనంబు నవ్యనవనీత సమానము" అని మొదలు. మధ్యలో "రాజులయందు విపరీతము" అని వస్తుంది. మిగతాది నోటికి రావడం లేదు.

గాజువాక నుంచి:
హితోపదేశంలో కొబ్బరికాయ శ్లోకం కూడా ఉంది కదా. మంచివాళ్లు కొబ్బరికాయ లాంటివాళ్లు, మిగతావాళ్లు పైకి మాత్రమే నిగనిగలాడే రేగుపళ్లు అని. నానమ్మగారు అది చెప్పినా సరిపోయేది.

సీతమ్మధార టీచరు:
పద్యం ఇదీ. ఆంధ్ర మహాభారతం, ఆదిపర్వం, ప్రథమాశ్వాసం, ఉదంకుడి కథలోది.

నిండు మనంబు నవ్యనవనీత సమానము, పల్కు దారుణా
ఖండల శస్త్రతుల్యము, జగన్నుత! విప్రులయందు, నిక్క మీ
రెండును రాజులందు విపరీతము. గావున విప్రుఁ డోపు, నో
పం డతిశాంతుఁడయ్యు నరపాలుఁడు శాపము గ్రమ్మరింపఁగన్

ఆఖండలుడంటే ఇంద్రుడు, ఆయన శస్త్రం వజ్రాయుధం. జగన్నుత అన్నది పిలుపు, "లోకం మెచ్చినవాడా" అని. ఓపు అంటే చేయగలడు, ఓపడు అంటే చేయలేడు. మనం రోజూ అనే ఓపిక దీన్నుంచి వచ్చిందే. క్రమ్మరించడం అంటే వెనక్కి మళ్లించడం. మొత్తం మీద అర్థం: బ్రాహ్మణుల మనసు అప్పుడే తీసిన వెన్న, మాట వజ్రాయుధం. రాజుల్లో ఈ రెండూ తారుమారు. అందుకే ఇచ్చిన శాపాన్ని బ్రాహ్మణుడు వెనక్కి తీసుకోగలడు, రాజు ఎంత శాంతస్వభావుడైనా తీసుకోలేడు.

సంస్కృత మూలంలో ఉన్నది వజ్రం కాదు, వాడి అంచున్న మంగలికత్తి. నన్నయ దాన్ని ఇంద్రుడి ఆయుధం చేశాడు. అదీ ఎవరి కొలువులో? రాజరాజనరేంద్రుడి కొలువులో. పోషిస్తున్న రాజు ఎదుట "మీవాళ్ల మాట వెన్న, మనసు వజ్రం" అని చదివి వినిపించడానికి ఎంత ధైర్యం కావాలో అని నాకు పాఠం చెప్పిన ప్రతిసారీ అనిపించేది.

ఇక కథ. ఉదంకుడు గురుపత్ని కోసం పౌష్యమహారాజు భార్య కుండలాలు అడగడానికి వెళ్తాడు. రాజు భోజనం పెడతాడు. అన్నంలో వెంట్రుక వస్తుంది. ఉదంకుడికి కోపం నషాళానికంటి, గుడ్డివాడివి కమ్మని శపిస్తాడు. ఇంత చిన్న తప్పుకి అంత శాపమా అని రాజు, నీకు సంతానం లేకుండా పోవాలని ఎదురు శాపం పెడతాడు. తర్వాత ఇద్దరూ చల్లబడతారు. ఉదంకుడు తన శాపానికి త్వరలోనే విమోచనం ఉంటుందంటాడు. రాజు మాత్రం తనది వెనక్కి తీసుకోలేనంటాడు. ఎందుకు తీసుకోలేడో చెప్పే పద్యమే ఇది.

అంటే ఈ పద్యం నన్నయ నీతి కాదు, ఉదంకుడి గొప్ప కాదు. పౌష్యుడు తన గురించి తాను చెప్పుకున్న సంజాయిషీ. ఇంకోలా చెప్పాలంటే, "నేనింతే" అన్నమాట. మీ సీరియల్ హీరో కూడా ఎక్కడో ఒకచోట ఈ మాట అనే ఉంటాడు.

అక్కయ్యపాలెం:
అన్నాడండీ! "నేనింతే. నన్ను మార్చాలని చూడకు" అని. ఆ భాగానికే లైకులు ఎక్కువ.

సీతమ్మధార టీచరు:
ఊహించాను. చిక్కంతా అక్కడే ఉంది. నానమ్మగారు పద్యంలో మొదటి సగం తీసి హీరోకి తగిలించారు, వెన్నలాంటి మనసని. హీరోగారేమో రెండో సగం తన దగ్గరే ఉంచుకున్నారు, వెనక్కి తీసుకోవడం నావల్ల కాదని. పద్యం ప్రకారం ఈ రెండూ ఒక మనిషిలో ఉండవు. మనసు వెన్నయితే అన్నమాట వెనక్కి రావాలి. రాకపోతే వెన్న ఉందనడానికి ఏమిటి ఆధారం? నవలా నాయకుడు హోదాకి రాజు, బుద్ధికి ఉదంకుడు. ఈ కలబోత పాఠకురాలికి ఎందుకింత రుచిస్తుందన్నదే అసలు ప్రశ్న.

మన దగ్గర ఈ తరహా మనిషిని ఇంటింటికీ తెచ్చినవి అరవైల్లో, డెబ్భైల్లో వచ్చిన రచయిత్రుల నవలలు. యద్దనపూడి సులోచనారాణి "సెక్రటరీ"లో రాజశేఖరం ఉన్నాడు కదా, పేరులోనే రాజు. డబ్బు, దర్జా, ఎదుటివాళ్లకి అంతుపట్టని తీరు. ఆ నవల చదివిన అమ్మాయిలు పెళ్లిచూపులకి వచ్చినవాణ్ణి రాజశేఖరంతో పోల్చి చూసుకున్న రోజులున్నాయి. మా అద్దె లైబ్రరీలో ఆ పుస్తకం అట్ట మూడుసార్లు మార్చి కుట్టించారు, లోపలి పేజీల అంచులు మాత్రం నూనె చేతులకి పసుపచ్చగా అయిపోయాయి. వంటింట్లో చదివిన పుస్తకమని చూడగానే తెలిసేది.

నా అభిప్రాయం అడిగితే, మోటు మాట్లాడే హీరో మీద ఆ ఇష్టం తియ్యటి మాటల మీద అనుమానంలోంచి పుట్టింది. మన ఉత్తరాంధ్రలో పుట్టిన పాత్రల్లో అందరికీ తెలిసిన ప్రేమికుడెవరు? గిరీశం. 1897లో అచ్చయిన "కన్యాశుల్కం"లో వితంతు వివాహాల గురించి ఉపన్యాసాలిచ్చి, బుచ్చమ్మని మాటలతోనే ఇంట్లోంచి దాటించుకుపోయిన మనిషి. నోరు తెరిస్తే వెన్నే. అలాంటివాళ్లని ఇంటా బయటా చూసిన ఆడపిల్లకి, పొగడనివాడు, నవ్వనివాడు, ఒక్క ముక్క మాట్లాడడానికి బాధపడేవాడు నిజాయితీపరుడిగా కనిపించడంలో వింతేముంది? వీడు కనీసం నన్ను మాటలతో బుట్టలో వెయ్యడం లేదు కదా అన్న భరోసా. ఆ భరోసా తప్పని నేననను. కాకపోతే మాట కటువుగా ఉంటే మనసు మెత్తగా ఉన్నట్టే అన్న లెక్క పద్యంలో లేదు. మాటా మనసూ రెండూ వజ్రమైనవాళ్లు కావలసినంతమంది ఉన్నారు, నన్నయ వాళ్ల జోలికి పోలేదంతే.

మధురవాడ మాస్టారు:
టీచరుగారూ, పద్యం బాగా విప్పారు. కానీ ఈ అమ్మాయి చెప్పిన కుర్రాడికి నన్నయ పద్యం అతకదని నా మనవి. వాడు కోపిష్టి కాదు, లోపల కుములుతున్నవాడు. వాడికి సంస్కృత నాటకకర్త భవభూతి కావాలి. ఉత్తరరామచరితం మూడో అంకం మొదట్లోనే ఉంది: "అనిర్భిన్నో గభీరత్వాదంతర్గూఢఘనవ్యథః, పుటపాకప్రతీకాశో రామస్య కరుణో రసః". సీతని అడవికి పంపిన రాముడి దుఃఖం పైకి పొక్కకుండా లోపలే మరుగుతోంది, పుటపాకంలా అని. వైద్యులు మందుని మూకుట్లో పెట్టి, మూత వేసి, చుట్టూ మట్టి మెత్తి నిప్పులో కాలుస్తారు. లోపల ఉడికిపోతున్నా పైకి ఆవిరి కూడా రాదు. అదీ పుటపాకం. మీ ఇంగ్లీషు పద్ధతి నవలల్లో నవ్వని నాయకుడికి ఎనిమిదో శతాబ్దంలోనే మనవాడు పేరు పెట్టి ఉంచాడు.

పెందుర్తి నుంచి:
మాస్టారూ, అలాగైతే మన సింహాద్రి అప్పన్న సంగతేమిటి? ఏడాదంతా చందనంలో చల్లగా ఉంటాడు, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపం. మూత పెట్టింది ఉగ్రాన్ని కదా.

మధురవాడ మాస్టారు:
బావుంది బాబూ, కానీ అక్కడ చందనం పూసేది అర్చకులు. స్వామి చల్లబడాలని పూస్తారు. సీరియల్లో వాడు తన మూత తనే పెట్టుకున్నాడు.

సీతమ్మధార టీచరు:
పుటపాకం నేను వంద శాతం ఒప్పుకుంటాను మాస్టారూ. నిజానికి నాకూ తట్టవలసిన శ్లోకమది. కాకపోతే ఒక్కటి చూడండి. ఆ శ్లోకం రాముడు చెప్పుకోలేదు, మురళ అనే నది చెబుతుంది. ఆ అంకంలోనే పంచవటిలో రాముడు స్పృహ తప్పేదాకా ఏడుస్తాడు. సీత అక్కడే ఉంటుంది, ఆయన కంటికి కనపడకుండా. మూత తీసిన కుండని ఆమె కళ్లారా చూస్తుంది. ఇంతకీ ఆమె కోరుకున్నదేమిటి, ఆయన బాధపడ్డాడని తెలియడమే. భవభూతి ఆ తెలియడాన్ని సీతకి ఇచ్చాడు.

ఇప్పటి సీరియళ్లలో అది ఎవరికి ఇస్తున్నారు? పాఠకురాలికి. ఫైలు విసిరిన భాగం తర్వాత భాగం "అతని మాటల్లో" అని వస్తుంది. హీరో కారులో కూర్చుని స్టీరింగ్ మీద తల ఆన్చి ఏడుస్తాడు. హీరోయిన్‌కి తెలీదు, మనకి తెలుసు. కాబట్టి అతనేమన్నా మనకి నొప్పి పుట్టదు, ఆమెకే పుడుతుంది. 1847 నాటి షార్లెట్ బ్రాంటీ ఇంగ్లీషు నవల "జేన్ ఐర్"లో అలా కాదు. కథంతా జేన్ చెప్పేదే. ఆమె ప్రేమించిన రోచెస్టర్ మనసులో ఏముందో ఆమెతోపాటు మనమూ తడుముకోవాలి. మేడ మీద గదిలో దాచిన భార్య సంగతి పెళ్లిపీటల మీదే మనకీ తెలుస్తుంది, ఆమెకీ తెలుస్తుంది. ఆమె ఆ ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చేసరికి ఇల్లు కాలిపోయి ఉంటుంది, అతనికి చూపు పోయి ఉంటుంది, ఒక చెయ్యి ఉండదు. తర్వాత ఒక కంటికి కొంత చూపు వస్తుంది. పౌష్యుడికి కూడా పడ్డ శాపం గుడ్డితనమే, దానికీ విమోచనం ఉంది. ఎక్కడి నన్నయ, ఎక్కడి ఆ ఇంగ్లీషు రచయిత్రి! యాదృచ్ఛికమే, కానీ తలుచుకుంటే తమాషాగా ఉంటుంది.

ఇంగ్లీషులో ఇలాంటి నాయకుణ్ణి బైరన్ కవి పేరుతో పిలుస్తారు, ఆయన కావ్యం 1812లో తెచ్చిన మోజు వల్ల. అది వేరే చర్చ.

గాజువాక నుంచి:
మరి దేవదాసు? అతనికంటే దెబ్బతిన్నవాడు ఎవరున్నారు?

సీతమ్మధార టీచరు:
దేవదాసు ఈ వరసలో వాడు కాదు తమ్ముడూ. 1917లో వచ్చిన శరత్ నవలలో అతను పార్వతిని చేపల గాలపు కర్రతో నుదుటి మీద కొడతాడు. ఆ మచ్చ అలాగే ఉండిపోతుంది. క్రమ్మరించడానికి వీల్లేని శాపమంటే అదీ. శరత్ దాన్ని మాయం చెయ్యలేదు, అతన్ని బాగుచెయ్యనూ లేదు, ఆమె గుమ్మం దాకా తీసుకొచ్చి చంపేశాడు. ప్రేమకథ చదివేవాళ్లు కోరేది చివరికి బాగుపడే మనిషిని. "నా దగ్గరికొచ్చాకే వీడు మనిషయ్యాడు" అన్న సంబరం దేవదాసు దగ్గర దొరకదు. ఆ సంబరం కోసం చదవడంలో తప్పు లేదు, నేనూ చదివాను, ఇప్పటికీ చదువుతాను. ఇంటి పనంతా అయ్యాక ఒక గంట, మన కోసం ఒక రాయి కరిగిందని అనుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?

అక్కయ్యపాలెం:
టీచరుగారూ, ఇంతకీ మా హీరో ఉదంకుడా, పౌష్యుడా? ఆపరేషన్ డబ్బు కట్టాడు కదా, అది వెనక్కి తీసుకున్నట్టు కాదా?

సీతమ్మధార టీచరు:
కాదమ్మా. డబ్బు కట్టింది చీకట్లో, పేరు చెప్పొద్దని. మాట అన్నది పగలు, స్టాఫ్ ముందు. శాపం పెట్టిన చోటే విమోచనం చెప్పాలి. పద్యంలో ఉన్నది శాపము గ్రమ్మరింపఁగన్ అనే గానీ, దానం చెయ్యఁగన్ అని కాదు. ఆ స్టాఫ్ ముందు, ఆ ఫైలు తనే నేల మీంచి ఏరి, "ఆ రోజు నేనన్నది తప్పు" అన్నాడా లేదా చూసి చెప్పు. అంటే ఉదంకుడు. అనకపోతే నానమ్మగారు వేరే పద్యం వెతుక్కోవాలి.

అక్కయ్యపాలెం:
ఇంకా అనలేదండీ. కథ ఇప్పుడు గోవా వెళ్లింది.

మధురవాడ మాస్టారు:
గోవాలో అనడు.

పెందుర్తి నుంచి:
ఒక సందేహం. నేను పైన "రాజులయందు" అని రాశాను, టీచరుగారు "రాజులందు" అన్నారు. ఏది ఒప్పు?

సీతమ్మధార టీచరు:
రాజులందు. ఇది ఉత్పలమాల, గణాలు భ ర న భ భ ర వ. రెండును (భ), రాజులం (ర), దు విప (న), రీతము (భ), గావున (భ), విప్రుఁడో (ర), పు నో (వ). సరిగ్గా సరిపోయింది. "రాజులయందు" అంటే ఒక లఘువు ఎక్కువై రగణం చెడిపోతుంది, యతి కూడా ఒక అక్షరం జరిగిపోతుంది. పై పాదంలో "విప్రులయందు" ఉండడంతో నోటికి అదే వచ్చేస్తుంది, చాలామంది అలాగే చదువుతారు.