వేసవి మొక్కల మార్పిడి: ఏర్పాట్లపై స్వచ్ఛంద సేవకుల చర్చ

సమన్వయకర్త:

అందరికీ నమస్కారం. మన సంఘం ఈ వేసవిలో జరపదలచిన మొక్కల మార్పిడికి మే నెల రెండో శనివారం హాలు దొరికింది. సభ్యులు తాము పోసిన నారును, కొమ్మల నుంచి వేరు కట్టించిన మొక్కలను తెచ్చి ఇచ్చిపుచ్చుకోవడం, వసారాలో కొత్తగా కుండీలు పెట్టుకోదలచినవారికి ఏది నిలుస్తుందో చెప్పి పంపడం మన ఉద్దేశం. బల్లలు, పేరు చీటీలు, చెత్త సంచుల సంగతి నేను చూసుకుంటాను. మొక్కల విషయంలో మాత్రం అనుభవం ఉన్నవారు తమ అభిప్రాయాలు రాయవలసిందిగా కోరుతున్నాను.

నారు బాధ్యురాలు:

హాలు దొరకడం ఎంత కష్టమో తెలిసి కూడా, తేదీ విషయంలో నా అభ్యంతరం చెప్పక తప్పడం లేదు. చలి ప్రాంతమైన మన ఊళ్లో మే రెండో వారానికి పగలు ఎండ కాస్తున్నా రాత్రులు ఇంకా చల్లగానే ఉంటాయి. టమాటా, మిరప, వంగ వంటి మొక్కలు మంచు పడకపోయినా, రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటే దిగితే చాలు, ఎదగడం ఆపేస్తాయి. మల్లె, కరివేపాకు కూడా అంత చలిని ఇష్టపడవు. ఆ రోజు తీసుకెళ్లిన మొక్కను చాలామంది ఆ సాయంత్రమే వసారాలో పెట్టేస్తారు. పది రోజుల తర్వాత ఆకులు పసుపెక్కితే తమకు చెయ్యి అచ్చిరాదని నిర్ణయించుకుని మళ్లీ కుండీ జోలికి పోరు. మొక్క పోవడం కన్నా నాకు ఆ నిరుత్సాహమే బాధగా ఉంటుంది.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి, నారును బయటి వాతావరణానికి అలవాటు చేయడం. ఒక ఏడాది నేను కిటికీ పక్కన ఎంతో శ్రద్ధగా పెంచిన మిరప నారును, మంచి ఎండ కాసిందన్న సంబరంతో ఉదయం నుంచి సాయంత్రం దాకా ఆరుబయట ఉంచాను. మర్నాటికి ఆకుల మీద తెల్లని మచ్చలు తేలాయి, సగం మొక్కలు వడలిపోయాయి. కిటికీ అద్దం సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపేస్తుంది, గదిలో గాలి కదలదు. అలా పెరిగిన ఆకుకు పైపొర పలచగా, కాండం మెత్తగా ఉంటాయి కనుక నేరుగా ఎండలో, గాలిలో పెడితే అవి తట్టుకోలేవు. మొదటి రోజు నీడలో గంటో రెండు గంటలో ఉంచి లోపలికి తెచ్చి, రోజురోజుకూ సమయాన్ని, ఎండను కొద్దికొద్దిగా పెంచుతూ పోతే వారం నుంచి పది రోజుల్లో నారు గట్టిపడుతుంది. అందువల్ల కార్యక్రమాన్ని నాలుగో శనివారానికి జరిపి, మొక్కలు తెచ్చేవారందరికీ రెండు వారాల ముందే ఈ పద్ధతిని తెలియజేయాలని నా ప్రతిపాదన.

కుండీలు, మట్టి బాధ్యుడు:

నారు బాధ్యురాలు గారితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా వంతుగా మట్టి గురించి రాస్తాను. పెరటి మట్టిని తవ్వి కుండీలో నింపితే అది కొద్ది రోజుల్లోనే గట్టిపడి, వేళ్లకు గాలి ఆడనివ్వదు. కొబ్బరి పొట్టు, పెర్లైట్ అనే తేలికైన తెల్లని గుళికలు, బాగా మాగిన కంపోస్టు కలిపిన మిశ్రమాన్ని ఆ రోజు అక్కడే చేసి చూపించాలని అనుకుంటున్నాను. నీరు బాగా దిగడానికి కుండీ అడుగున గులకరాళ్లు కూడా పరుద్దామా?

నారు బాధ్యురాలు:

గులకరాళ్లు వద్దండి. రాళ్ల పొర వేస్తే నీరు త్వరగా దిగిపోతుందని అందరం నమ్ముతాం గానీ, సన్నని మట్టిలోని నీరు దాని కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి సులభంగా దిగదు. ఆ పొరకు పైన ఉన్న మట్టిలోనే నిలిచి, తడి వేళ్లకు మరింత దగ్గరవుతుంది. అడుగున రంధ్రం ఉంటే సరిపోతుంది. టమాటా తీసుకెళ్లేవారికి కనీసం 20 లీటర్ల కుండీ కావాలని చీటీ మీదే రాయిద్దాం. చిన్న కుండీ ఎండలో పూటకే ఎండిపోతుంది. ఒకరోజు ఎండి మరొకరోజు ముంపుకు గురైన మొక్కకు కాల్షియం సరిగ్గా అందక కాయల అడుగు నల్లబడుతుంది.

సలహాల బల్ల బాధ్యురాలు:

వచ్చినవారిని ముందుగా ఒకే ప్రశ్న అడుగుదామనుకుంటున్నాను: మీ వసారాకు నేరుగా ఎన్ని గంటల ఎండ వస్తుంది? ఆరు గంటలకు తగ్గకపోతే బంతి, మిరప, టమాటా ఇవ్వవచ్చు. ఉదయపు ఎండ మూడు నాలుగు గంటలే వచ్చేవారికి ఆకుకూరలు, పుదీనా నయం. అసలు ఎండే రాదంటే మనీప్లాంటు, ఫెర్న్ వంటివి ఇచ్చి పంపుదాం. పూల మీద మనసుపడి నీడ వసారాకు బంతి అడిగేవారికి సున్నితంగా కాదని చెప్పే బాధ్యత కూడా నాదే అనుకుంటాను.

ప్రవేశద్వారం దగ్గర ఒకరు నిలబడి ప్రతి మొక్క ఆకుల అడుగు భాగం చూడాలి. పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి, ఎర్రనల్లి సాధారణంగా అక్కడే దాక్కుంటాయి. పురుగు ఉన్న ఒక్క కుండీ మన అందరి వసారాలకూ దాన్ని పంచిపెడుతుంది. ఇక కరివేపాకు సంగతి వేరు. అది నిమ్మ కుటుంబపు మొక్క. నిమ్మజాతి చెట్లను క్షీణింపజేసే గ్రీనింగ్ తెగులును మోసుకెళ్లే సిల్లిడ్ అనే చిన్న రసం పీల్చే పురుగు దాని మీద కూడా బతుకుతుంది కనుక, కొన్ని ప్రాంతాల్లో ఈ మొక్కను ఒక చోటి నుంచి మరో చోటికి తరలించడంపై ఆంక్షలు ఉన్నాయి. మన ప్రాంతంలో నిబంధన ఏమిటో వ్యవసాయ శాఖను రాతపూర్వకంగా అడిగి, జవాబు వచ్చేదాకా కరివేపాకును జాబితాలో చేర్చవద్దని కోరుతున్నాను.

సమన్వయకర్త:

హాలు వారితో మాట్లాడాను. నాలుగో శనివారం ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు ఇస్తామన్నారు. నారును అలవాటు చేసే పద్ధతిని నారు బాధ్యురాలు గారు అరపేజీలో రాసి ఇస్తే మే మొదటి వారంలోనే సభ్యులందరికీ పంపుతాను. వ్యవసాయ శాఖకు ఉత్తరం నేనే రాస్తాను. ద్వారం దగ్గర ఆకులు పరిశీలించడానికి కంటిచూపు బాగున్నవారు ఇద్దరు కావాలి. నా కళ్లద్దాల సంగతి మీకు తెలుసు కనుక నన్ను లెక్కలోకి తీసుకోకండి. ఆసక్తి ఉన్నవారు ఆదివారంలోగా ఇక్కడే తెలియజేయగలరు.