నాలుగు సిలిండర్ల పాత లారీకి ఆరు సిలిండర్ల ఇంజిన్ వేస్తే ఏమేం మారాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నా పాత మీడియం లారీలో కమిన్స్ 3.9 లీటర్ల టర్బో ఇంజిన్ ఉంది, ఫోర్ బీటీ. లోడ్‌తో కలిపి బండి 10 టన్నులు తూగుతుంది. చదును రోడ్డు మీద ఇబ్బంది లేదు, ఘాట్ ఎక్కాలంటే మాత్రం గేర్లు దించుకుంటూ పోవాలి. అదే కంపెనీ సిక్స్ బీటీ 5.9 లీటర్ల ఇంజిన్ ఒకటి మంచి కండిషన్‌లో దొరికింది. ఛాసీలో పడుతుందా? గేర్‌బాక్స్ పాతదే ఉంచుకోవచ్చా?

జవాబు: పడుతుందండీ. ఇంజిన్ మార్పుల్లో ఇది కాస్త తేలికైన జత. రెండింటికీ బోరు (సిలిండర్ వ్యాసం) 102 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 120 మి.మీ. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్ల లాంటివి చాలావరకు ఒకటే. అయితే దించే ముందు ఇప్పుడున్న ఇంజిన్ తన పూర్తి బలం ఇస్తోందో లేదో చూడండి. ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాల లీకులు, డీజిల్ ఫీడ్ పంపు, నాజిల్స్, పంపు టైమింగ్... వీటిలో ఏది తేడా ఉన్నా ఘాట్‌లోనే బయటపడుతుంది.

అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకుందాం. లాభం ఎంతో లెక్క వేసుకోండి. 10 టన్నుల బండి 6 శాతం ఎత్తు ఎక్కాలంటే, టైర్ల రాపిడి కూడా కలుపుకుంటే, సుమారు 6,700 న్యూటన్ల లాగుడు కావాలి. చక్రాల దగ్గరికి 55 కిలోవాట్లు చేరితే గంటకు 30 కి.మీ. వేగంతో ఎక్కుతుంది. 75 చేరితే 40. ఆ పది కిలోమీటర్ల కోసం ఇంత పని పెట్టుకోవాలా అన్నది మీరే తేల్చుకోవాలి. రోజూ ఘాట్ ఎక్కే బండి అయితే నేను పెట్టుకోమంటాను.

ఇక పొడవు. రెండు సిలిండర్లు ఎక్కువంటే బోర్లకే 204 మి.మీ., మధ్య గోడలతో ఇంకా పెరుగుతుంది. ఆ పొడవును ముందుకే పోనివ్వండి, గేర్‌బాక్స్‌ను మాత్రం కదపొద్దు. అది ఉన్నచోటే ఉంటే గేర్ రాడ్, క్లచ్ లింకేజీ, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు వెళ్లే రాడ్) పొడవు, దాని కీళ్లైన క్రాస్‌ల కోణం అన్నీ యథాతథం. రేడియేటర్‌ను ముందుకు జరపాలి. ఎలాగూ అది పెద్దది కావాలి, ఎందుకంటే పెద్ద ఇంజిన్ ఎక్కువ డీజిల్ కాలుస్తుంది, ఆ వేడిలో సుమారు నాలుగో వంతు నీళ్లలోకే పోతుంది. ఫ్యాన్ రెక్కలు సగం ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) లోపల, సగం బయట ఉండేలా చూడండి. ఆయిల్ సంప్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) లోతు భాగం ముందు యాక్సిల్ మీదికి వస్తుందేమో ఇంజిన్ కొనకముందే కొలవండి. కమాన్ కట్టలు పూర్తిగా కుంగినప్పుడు కూడా అక్కడ ఖాళీ మిగలాలి.

ప్రశ్న: ధన్యవాదాలండీ. గేర్‌బాక్స్ సంగతి చెప్పలేదు. ఇంజిన్‌కు బిగించే హౌసింగ్‌కు (క్లచ్ డొప్పకు) 12 బోల్టులున్నాయి, ఆ ఇంజిన్‌కూ 12 ఉన్నాయట. కూర్చుంటుంది కదా?

ఇంకొకరి జవాబు: అన్నా, బోల్టులు లెక్కపెట్టి నమ్మొద్దు. ఎస్‌ఏఈ ప్రమాణంలో 3వ సైజు హౌసింగ్‌కూ 12 బోల్టులే, 2వ సైజుకూ 12 బోల్టులే. కానీ బోల్టుల వలయం మొదటిదానికి 428.6 మి.మీ., రెండోదానికి 466.7 మి.మీ. టేపు పెట్టి ఎదురెదురు బోల్టుల మధ్య దూరం కొలువు. ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు స్ప్లైన్లు (షాఫ్ట్ మీద కూర్చునే పళ్లు), పైలట్ బేరింగ్ (షాఫ్ట్ కొనను పట్టే చిన్న బేరింగ్) కూడా గేర్‌బాక్స్ షాఫ్ట్‌తో సరిచూసుకో.

మొదటి జవాబిచ్చినవారు: అవును, ముందు కొలత. ఆ తర్వాత గేర్‌బాక్స్ తట్టుకుంటుందా అన్న ప్రశ్న. ఉదాహరణకు పాత ఇంజిన్ టార్క్ (తిప్పే బలం) 400 న్యూటన్ మీటర్లు, కొత్తది 550 అనుకోండి. ఫస్ట్ గేర్ రేషియో 6.5 అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పడేది 2,600 నుంచి 3,575కు పెరుగుతుంది. వెనక యాక్సిల్‌లోని గేర్ల జత, అంటే క్రౌన్ పినియన్, దాన్ని మరింత పెంచి యాక్సిల్ షాఫ్ట్‌లకు ఇస్తుంది. లోడ్ బండికి టైర్ జారదు, కాబట్టి ఆ బలమంతా ఇనుమే మోయాలి. గేర్‌బాక్స్ ప్లేటు మీద మోడల్ నంబర్ చూసి, కంపెనీ రాసిన గరిష్ఠ టార్క్ ఎంతో తెలుసుకోండి. కొత్త ఇంజిన్ టార్క్ దానికంటే ఎక్కువైతే గేర్‌బాక్స్ కూడా మార్చాల్సిందే, బతిమాలి నడిపేది కాదు. క్లచ్ అయితే ఎలాగూ పెద్దదే వేయాలి.

ప్రశ్న: టాప్ స్పీడ్ కూడా పెరుగుతుందా?

మొదటి జవాబిచ్చినవారు: పెరగదు. గవర్నర్ (ఇంజిన్ వేగానికి హద్దు పెట్టేది) 2,500 ఆర్‌పీఎం దగ్గర ఆపితే, క్రౌన్ పినియన్ రేషియో 6.5, టైరు చుట్టుకొలత 3 మీటర్లు అయితే, టాప్ గేర్ డైరెక్ట్ (రేషియో 1) అనుకుంటే గంటకు సుమారు 69 కి.మీ. ఇంజిన్ ఏదైనా అంతే. 5.5 రేషియో వేస్తే 82 వస్తుంది, కానీ ఘాట్‌లో సంపాదించిన లాగుడులో కొంత అక్కడ పోతుంది. మీ అవసరం ఘాటే కాబట్టి పాతదే ఉంచండి.

ఇంకో రెండు మాటలు. ఇంజిన్ బరువు వంద కిలోలకు పైగా పెరుగుతుంది, అదంతా ముందు యాక్సిల్ మీదే. పని అయ్యాక ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఎక్కించి తూయించండి, యాక్సిల్ ప్లేటు మీద రాసిన బరువు దాటకూడదు. ఇంజిన్ పెరిగిందని లోడ్ పెంచొద్దు. బ్రేకులు పాత బరువుకే చేసినవి, ఎక్కిన ఘాట్ దిగాలి కూడా. ఇంజిన్ నంబర్ మారుతుంది కనుక రిజిస్ట్రేషన్ అధికారుల అనుమతి, ఇన్సూరెన్స్ కంపెనీకి సమాచారం పని మొదలుపెట్టకముందే చూసుకోండి. హౌసింగ్ కొలత, గేర్‌బాక్స్ మోడల్ నంబర్ ఇక్కడే రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.