నకమల్‌ను తెలుగులో ఏమనాలి? ‘బార్’ అనవద్దని నా మనవి

పసిఫిక్ మహాసముద్రంలోని వనువాటు దీవుల మీద వ్యాసం అనువదిస్తున్న సభ్యురాలు ఒకరు నిన్న ఇక్కడ అడిగారు: నకమల్ అనే మాటకు ‘కావా బార్’ సరిపోతుందా, ‘పానశాల’ అనాలా అని. (కావా అంటే ఒక మొక్క వేరుతో చేసే అక్కడి పానీయం.) కింద వచ్చిన జవాబుల్లో ‘మధుశాల’, ‘కల్లుపాక’ కూడా కనిపించాయి. నాకు వీటిలో ఏదీ సమ్మతం కాదు. ఈ మాటలన్నీ పానీయాన్ని ముందు నిలబెడుతున్నాయి. నకమల్ అన్న పేరులో పానీయం ఊసే లేదు. అది మనుషులు కూడే చోటు పేరు.

మాట పుట్టుక చూడండి. వనువాటులో వందకు పైగా స్థానిక భాషలున్నాయి. దీవికీ దీవికీ మధ్య నడిచే ఉమ్మడి భాష బిస్లామా. దాని పదాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు నుంచి వచ్చినవే. కానీ చెట్లు, చేమలు, ఆచారాలు, స్థలాల పేర్ల దగ్గరికి వచ్చేసరికి స్థానిక భాషలు గట్టిగా నిలబడ్డాయి. ఆ పేర్లు చాలావరకు ‘న’తో మొదలవుతాయి: నాట్యం చేసే మైదానం నసర, మర్రిచెట్టు నంబంగ. ఆ ‘న’ అక్కడి అనేక భాషల్లో నామవాచకం ముందు వచ్చే చిన్న మాట. బిస్లామాలో అది పదానికి అతుక్కుపోయి పదంలో భాగమైంది. దాన్ని విడదీస్తే మిగిలేది ‘కమల్’. ఉత్తరాన మోట దీవి భాషలో ‘గమల్’, పెంతెకోస్ట్ దీవి ఉత్తర భాగంలోని రగ భాషలో ‘గమలి’ దీని చుట్టాలే. అర్థం పురుషుల సమావేశ గృహం. 19వ శతాబ్దిలో మోట భాషను శ్రద్ధగా అధ్యయనం చేసిన మిషనరీ కాడ్రింగ్టన్ ఆ ఇంటిని వర్ణించాడు. సమాజంలో మనిషి సంపాదించుకున్న అంతస్తును బట్టి లోపల ఎవరి పొయ్యి వారిదే. తక్కువ హోదావాడు ఎక్కువ హోదావారి పొయ్యి దగ్గర కూర్చుని తినడానికి వీల్లేదు.

ఊరి పెద్దలు తగవులు తీర్చేది అక్కడే. భూముల సంగతి, పెళ్లి మాటలు, అతిథులను ఆదరించడం, అన్నీ అక్కడే. కావా కూడా అక్కడే తాగుతారు. అయితే తాగడం కోసం ఆ చోటు ఏర్పడలేదు.

దక్షిణాన తన్నా దీవికి వెళ్తే అసలు ఇల్లే ఉండదు. పెద్ద మర్రిచెట్ల కింద శుభ్రంగా ఉంచిన ఖాళీ జాగా, దారులు వచ్చి కలిసే చోటు, అదే నకమల్. పొద్దు వాలే వేళకు పురుషులు చేరతారు. ఆడవారు ఆ సమయంలో అటు రారు. కుర్రవాళ్లు పచ్చి వేరును నమిలి మెత్తగా చేస్తే, నీళ్లు కలిపి వడగట్టి కొబ్బరి చిప్పలో అందిస్తారు. చివరి గుక్కను నోటితో గాలిలోకి చిమ్ముతూ పితరులను తలచుకుని మనసులో కోరిక చెప్పుకుంటారు. దీన్ని ‘తమఫ’ అంటారు. ఆ తర్వాత మాటలు తగ్గుతాయి. గొంతు పెంచడం, దీపం ముఖం మీదికి తేవడం మర్యాద కాదు. ఇలాంటి చోటును ‘మధుశాల’ అంటే తెలుగు పాఠకుడి కళ్ల ముందు ఏ బొమ్మ కడుతుందో ఆలోచించండి.

‘కల్లుపాక’ అనకూడదనడానికి ఇంకో కారణం పానీయంలోనే ఉంది. కావా పులిసేది కాదు, అందులో ఆల్కహాలు లేదు. ఆ మొక్క మన తమలపాకు, మిరియం, పిప్పలి తీగల ప్రజాతికి చెందినదే. శాస్త్రీయ నామం పైపర్ మెథిస్టికమ్. ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ రెండో యాత్రలో వెంట వెళ్లిన జార్జ్ ఫోర్‌స్టర్ పెట్టిన పేరు అది. గింజ కట్టదు. కొమ్మ ముక్కలు నాటి పెంచవలసిందే, అంటే వేల ఏళ్లుగా మనిషి చేతుల మీదుగానే ఒక దీవి నుంచి ఇంకో దీవికి చేరింది. వేరులోని కావాలాక్టోన్లు నాలుకను, పెదవులను మొద్దుబార్చి ఒంటిని వదులు చేస్తాయి. తాగినవాడు కేకలు వేయడు, నిమ్మళిస్తాడు. అందుకే ‘మత్తు’, ‘కైపు’, ‘నిషా’ అనే మాటలు అనువాదంలో వాడేటప్పుడు దయచేసి ఒక్క క్షణం ఆగండి. ‘నిమ్మళం’ అనే చక్కటి మాట మనకు ఉంది.

ఇక అసలు చిక్కు. నేటి వనువాటు రాజధాని పోర్ట్ విలాలో డబ్బు పుచ్చుకుని కావా అమ్మే దుకాణాన్నీ నకమల్ అనే అంటారు. మరి దాన్నైనా బార్ అనవచ్చు కదా అని అడిగారు. ఆ పేరు దుకాణానికి ఎలా వచ్చిందో తెలిస్తే అనబుద్ధి కాదు. తన్నాలో ప్రెస్బిటేరియన్ క్రైస్తవ మిషన్ కావాను పాపంగా చూసి అణచివేసింది. 1941లో అక్కడి జనం మిషన్లను వదిలి తమ ‘కస్తోమ్’ వైపు, అంటే తాతల నాటి ఆచారం వైపు తిరిగినప్పుడు కావా కూడా వారితో తిరిగి వచ్చింది. 1980 జూలై 30న బ్రిటిష్-ఫ్రెంచి ఉమ్మడి పాలన ముగిసి దేశం స్వతంత్రమయ్యాక, ఏ దీవి మనిషైనా ఇది మాది అని చెప్పుకోగల వాటిలో కావా ఒకటైంది. పట్టణానికి వలస వచ్చినవారికి ఊరి నకమల్ లేదు. రేకుల కప్పు కింద, నాలుగు బల్లలు వేసిన చోట, వేర్వేరు దీవులవారు పక్కపక్కన కూర్చుని దాన్ని మళ్లీ కట్టుకున్నారు. గుమ్మం దగ్గర దీపం వెలిగితే ఇవాళ కావా ఉందని గుర్తు. లోపల వెలుతురు తక్కువ, గొంతులు తక్కువ. చిప్ప స్థానంలో చాలాచోట్ల ప్లాస్టిక్ గిన్నె వచ్చినా దాన్ని ఇప్పటికీ ‘షెల్’ అనే అడుగుతారు. చేదు పోవడానికి నమిలే పండుముక్కకో చిరుతిండికో ‘వాష్ మౌత్’ అని పేరు. ఆడవాళ్లూ వస్తారు, ఇది పెద్ద మార్పే. పద్ధతి మాత్రం పాతదే. అదే నగరంలో దేశంలోని సంప్రదాయ ఊరి నాయకుల మండలి మల్వతుమౌరి సమావేశ మందిరం పేరు కూడా నకమలే. బిస్లామా మాట్లాడేవారు ఈ రెంటికీ ఒకే మాట వాడుతూ ఏ ఇబ్బందీ పడటం లేదు. రెండుగా చీల్చే హక్కు అనువాదకులకు లేదని నా నమ్మకం.

‘రచ్చబండ అనవచ్చు కదా’ అన్న పెద్దలకు: ఇప్పటివరకు వచ్చినవాటిలో ఇదే దగ్గరి మాట, మర్రి కింది తన్నా నకమల్‌కు మరీ దగ్గర. అయినా నేను ఒప్పుకోలేను. రచ్చ అనేది రథ్య నుంచి వచ్చిందని మన నిఘంటువులు చెబుతాయి. అంటే వీధి, బయలు, అందరిదీ. ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్నప్పుడు రచ్చను ఇంటికి ఎదురుగా నిలబెట్టాం. నకమల్ ఫలానా ఊరిది, ఫలానా వంశంవారిది, అక్కడ ఎవరు ఎక్కడ కూర్చోవాలో తెలుసు. అది వారికి ఇల్లే. పైగా ఇవాళ రచ్చ అంటే కుర్రకారుకు గొడవ అనే అర్థమే ముందు తోస్తుంది. గొంతు పెంచకూడని చోటికి ఆ పేరు ఎలా పెడతాం? ఉత్తర దీవుల ఇల్లు రకం నకమల్‌ను మొదటిసారి పరిచయం చేసేటప్పుడు ‘చావడిలాంటిది’ అని ఒక్క మాట చేరిస్తే చాలు.

కాబట్టి నకమల్‌ను నకమల్ అనే రాద్దాం. తెలుగు నోటికి ఇది బరువైన మాట కాదు. హోటల్‌కు హోటళ్లు అన్నట్టే నకమళ్లు అంటాం.

అమెరికాలో ఉంటున్న సభ్యుడు ఫ్లోరిడా సంగతి ఎత్తారు. అక్కడ బోర్డు మీద ఉన్నదే ‘కావా బార్’, కనుక అలాగే రాయండి, అది న్యాయం. ఎండబెట్టిన పొడితో చేసిన కావా, పక్కనే చాలాచోట్ల క్రాటమ్ అనే వేరే ఆకు సరుకు కూడా అమ్మకం, పాటలు, ఆటలు. దాన్ని నకమల్ అంటే తప్పు ఇటువైపు నుంచి జరుగుతుంది. న్యూ కలెడోనియా రాజధాని నూమేయాలో మాత్రం ఆ చోట్లను అక్కడివారే నకమల్ అంటారు, మనమూ అనాలి.

ఫిజీ గురించి అడిగినవారికి: ఫిజీలో నకమల్ అనే మాట లేదు. అక్కడ కావాను రాసేది ‘యకోనా’ అన్నట్టు కనిపించినా పలికేది ‘యంగోనా’. ఫిజియన్ రాతలో క్యూ అక్షరం ‘ంగ’ ధ్వనికి గుర్తు. మన పత్రికలు అక్షరాన్ని చూసి ‘యకోనా’ అని అచ్చు వేయడం ఆపాలి. ‘తనోవా’ అనే కొయ్య పళ్లెంలో కలిపి, ‘బిలో’ అనే చిప్పలో అందిస్తారు. పుచ్చుకునేవారు చప్పట్లు కొడతారు. ఈ అలవాటు అక్కడి భారతీయ సంతతి ఇళ్లలోకీ వచ్చింది. ఫిజీ హిందీలో అది ‘నంగోనా’ అయింది, వాడుకలో ‘గ్రాగ్’ అనీ అంటారు. 1903 నుంచి 1916 వరకు మద్రాసు మీదుగా ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ కుటుంబాల పెద్దలు ఇంట్లో తెలుగు మాట్లాడుకునే రోజుల్లో దీన్ని ఏమని పిలిచారు, తాగడాన్ని ఏ క్రియతో చెప్పారు? ఫిజీలోనో, అక్కడి నుంచి ఆక్లాండ్, సిడ్నీ వెళ్లి స్థిరపడిన ఇళ్లలోనో చుట్టాలున్న సభ్యులు ఎవరైనా అడిగి, విన్న మాటను విన్నట్టే ఇక్కడ రాయండి.