అంగారక శిలకు వేలంపాట: నింగి నుంచి రాలిన రాయి ఎవరి సొత్తు?

పాలపుంత
2025 జూలై 16న న్యూయార్క్‌లో సోథబీస్ వారి వేలంలో 24.67 కిలోల అంగారక శిల ఒకటి రుసుములతో కలిపి దాదాపు 53 లక్షల డాలర్లకు, అంటే మన లెక్కలో ఇంచుమించు 45 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయింది. ఎన్‌డబ్ల్యూఏ 16788 అనే పేరుతో నమోదైన ఆ రాయి, భూమి మీద దొరికిన అంగారక శకలాలన్నిటిలోకీ పెద్దది. అది 2023 నవంబరులో నైజర్ దేశంలోని అగాదెజ్ ప్రాంతపు ఎడారిలో ఉల్కాశిలలు వెతికే ఒక వేటగాడి కంటపడింది. వేలం ముగిశాక నైజర్ ప్రభుత్వం, ఆ రాయి దేశం దాటిన తీరుపై విచారణకు ఆదేశించి, విలువైన రాళ్ళతో పాటు ఉల్కాశిలల ఎగుమతిని కూడా నిలిపివేసింది. ఇటువంటి రాయిని అమ్మడం, కొనడం న్యాయమేనా అన్నది నా ప్రశ్న. జాతకాలనూ, రాళ్ళ మహిమలనూ, గ్రహాంతరవాసులనూ ఈ చర్చలోకి తేవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను.

భూగోళం మాస్టారు
న్యాయం కాదని నా నిశ్చితాభిప్రాయం. కారణం చెప్పడానికి నైజర్ దాకా వెళ్ళనక్కరలేదు, బీహారు చాలు. 1865 ఆగస్టు 25న గయ దగ్గర షెర్‌గాటీలో సుమారు 5 కిలోల రాయి పడింది. అది అంగారకుడి నుంచి వచ్చిందని నాడు ఎవరూ ఊహించలేదు. ఆ జాతి రాళ్ళన్నిటికీ ఆ ఊరి పేరు మీదుగానే షెర్‌గొట్టైట్లు అని పేరు వచ్చింది; ఇప్పుడు వేలంలో అమ్మిన రాయి కూడా ఆ జాతిదే. 1976లో అమెరికా పంపిన వైకింగ్ వ్యోమనౌకలు అంగారకుడి వాతావరణాన్ని కొలిచాక, అంటార్కిటికాలో దొరికిన మరొక షెర్‌గొట్టైటు గాజులో చిక్కుకున్న వాయువులు ఆ కొలతలతో సరిపోయాయని 1983లో తేలినప్పుడు గాని ఈ కుటుంబపు పుట్టిల్లు ఏదో రుజువు కాలేదు. అంటే షెర్‌గాటీ రాయి నూరేళ్ళకు పైగా, తన కథ తెలియకుండానే, సొరుగుల్లో భద్రంగా కూర్చుంది కాబట్టే తరువాతివారి పరీక్షలకు మిగిలింది. అదే రాయిని ఆనాడు ఏ జమీందారో కొని కాగితాల మీద బరువుగా పెట్టుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

రాళ్ళబండి
మాస్టారూ, మీరు చెప్పిన కథలోనే మీ వాదానికి గండి ఉంది. అసలు రుజువు వచ్చింది అంటార్కిటికా రాయి నుంచి. 1976 నుంచి దాదాపు ఏటేటా విమానాలు, మంచుబళ్ళు పెట్టి శాస్త్రవేత్తలు అక్కడికి పోగలుగుతున్నారు గాని, సహారా ఎడారిలో రాయి రాయినీ తిప్పి చూసే ఓపిక ఏ విశ్వవిద్యాలయానికి ఉంది? ఆ పని చేసేవాళ్ళు ఒంటెల కాపరులు, సంచార జాతులవారు, మొరాకో బేరగాళ్ళు. 2011లో ఎడారిలో దొరికిన 320 గ్రాముల నల్లని అంగారక శిల, ఎన్‌డబ్ల్యూఏ 7034, మొరాకోలో ఒక సేకర్త డబ్బు పెట్టి కొన్నాడు కాబట్టే న్యూ మెక్సికో విశ్వవిద్యాలయానికి చేరింది. అందులో మిగతా అంగారక శిలల కంటే పది రెట్ల నీరు కనిపించింది. దాని జంట శకలంలో 440 కోట్ల సంవత్సరాల నాటి జిర్కాను అనే ఖనిజపు రేణువులు దొరికాయి. సంత లేకపోతే ఆ రాయి ఈనాటికీ ఇసుకలోనే ఉండేది. పైగా, కొత్త ఉల్కాశిలకు అధికారికంగా పేరు రావాలంటే కనీసం 20 గ్రాములు గాని, మొత్తం బరువులో అయిదో వంతు గాని, ఏది తక్కువైతే అది, ఒక గుర్తింపు పొందిన సంస్థలో దాఖలు చెయ్యాలన్న నియమం ఉండనే ఉంది. శాస్త్రం వాటా శాస్త్రానికి అందుతూనే ఉంది.

పొద్దుతిరుగుడు
24 కిలోల రాయిలో 20 గ్రాముల వాటా అంటే, పెళ్ళి విందుకు పిలిచి ఆకు చివర ఉప్పు వడ్డించి పంపినట్టుంది.

భూగోళం మాస్టారు
పొద్దుతిరుగుడు గారు నవ్వులాటకు అన్నా విషయం అదే. సోమాలియాలోని ఎల్ అలీ శిలను తీసుకోండి. అది 15 టన్నుల ఇనుప ఉల్కాశిల, అక్కడి ఒంటెల కాపరులు తరతరాలుగా ఎరిగిన రాయి. దానిలో నుంచి ఒక్క 70 గ్రాముల ముక్క ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి చేరితే, అంతకు మునుపు ప్రకృతిలో ఎన్నడూ చూడని రెండు ఖనిజాలు అందులో ఉన్నాయని 2022లో వెల్లడైంది. మిగిలిన రాయి కొనేవాడిని వెతుక్కుంటూ చైనాకు తరలిపోయింది. 70 గ్రాముల్లో రెండు ఖనిజాలుంటే తక్కిన 15 టన్నుల్లో ఏముందో చెప్పమని ఎవరిని అడగాలి?

ఇంకొక మాట. ఎన్‌డబ్ల్యూఏ అంటే వాయవ్య ఆఫ్రికా. ఆ మూడక్షరాల తరువాత ఒక అంకె. అదీ దాని చిరునామా. ఏ దిబ్బ మీద దొరికింది, పక్కన ఇంకా ముక్కలున్నాయా, ఎంత కాలంగా అక్కడ పడి ఉంది అన్నవన్నీ బేరగాడి సంచీలో పడగానే మాయమవుతాయి.

రాళ్ళబండి
16788 విషయంలో ఆ మాట తప్పు. దొరికిన ప్రాంతం అగాదెజ్ అని ఈ చర్చ మొదటి టపాలోనే ఉంది.

భూగోళం మాస్టారు
అగాదెజ్ ఒక ప్రాంతం పేరు. మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపినా అందులో సగం కూడా నిండదు. "ఆంధ్రలో దొరికింది" అంటే మీరు చిరునామా అని ఒప్పుకుంటారా?

రాళ్ళబండి
ఒప్పుకుంటాను, అంతకన్నా తక్కువతో సరిపెట్టుకున్న సందర్భాలు మ్యూజియం పట్టికల నిండా ఉన్నాయి కనుక. 1870లో నాటి విశాఖపట్నం జిల్లాలో పడిన ఇనుప ఉల్కాశిల నెడగొల్ల అనే పేరుతో ప్రపంచ జాబితాలో ఉంది. ఏ పొలంలో, ఏ గట్టు మీద పడిందో మీరు చూపించగలరా? చిరునామా చెరిగిపోవడానికి సంత ఒక్కటే కారణం కాదు.

భూగోళం మాస్టారు
కంటి ముందు పడిన రాయికీ, ఎడారిలో వెతికి ఏరిన రాయికీ తేడా తెలియకుండా మాట్లాడుతున్నారు.

రాళ్ళబండి
తేడా తెలిసే మాట్లాడుతున్నాను. ప్రాంతమా, చిరునామానా అన్న మాటల మెలిక దగ్గరే మీరు ఆగిపోయి, ఆ రాయిని కనుక్కున్నవాడి గురించి ఇంతవరకు ఒక్క వాక్యం కూడా రాయలేదు.

డాలస్ బావగారు
చట్టం సంగతి కూడా కాస్త చూడండి. మా అమెరికాలో ప్రైవేటు భూమి మీద పడితే భూమి యజమానిదే. 1890లో అయోవాలో పడిన రాయిని ఒకాయన తవ్వి 105 డాలర్లకు అమ్మితే, దాన్ని భూమి సొంతదారుకే అప్పగించాలని 1892లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. నమీబియాలో 60 టన్నుల హోబా శిలను 1955లోనే జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఒక్కొక్క దేశానిది ఒక్కొక్క న్యాయం. అంతటికీ ఒకే ధర్మం అంటే కుదరదు.

పాలపుంత
చట్టం కంటే ముందునాటి కథ ఒకటి ఉంది. గ్రీన్‌లాండు ఇన్యూట్‌లు కేప్ యార్క్ ఇనుప ఉల్కాశిలల నుంచి చిన్న చిన్న పెళ్ళలు కొట్టి, శతాబ్దాల పాటు కత్తులు, ఈటె మొనలు చేసుకున్నారు. వాళ్ళకు లోహం దొరికే గని అదే. 1897లో అన్వేషకుడు పియరీ వాటిలో పెద్దదైన 31 టన్నుల రాయిని ఓడకెక్కించాడు, తరువాత న్యూయార్క్ మ్యూజియానికి 40,000 డాలర్లకు అమ్మారు. కాబట్టి మ్యూజియం చేతుల్లో ఉంటే చాలు, న్యాయం జరిగినట్టే అన్న మాస్టారి మాట నాకు పూర్తిగా మింగుడు పడటం లేదు. అలాగే, వేటగాడి పేరు చెప్పి సంతను సమర్థించే రాళ్ళబండి గారి మాట కూడా. ఆ 53 లక్షల డాలర్లలో అగాదెజ్ మనిషి చేతికి ఎంత వచ్చిందో ఆయన చెప్పగలరా?

రాళ్ళబండి
చెప్పలేను. కాని ఏమీ రాకపోవడం ఎలా ఉంటుందో చెప్పగలను.

అనంతపురం జిల్లాలో మాది వేరుశనగ పండించే పల్లె. 2009లో దుక్కి దున్నుతుంటే మా నాన్నగారికి అరచేతిలో పట్టేంత రాయి దొరికింది, పరిమాణానికి మించిన బరువు. దాన్ని ఇంట్లో పెట్టుకోవడం తప్పని బడిలో చదువుకున్న నేనే చెప్పాను. ఆయన పని మానుకుని, బస్సెక్కి, పట్నంలో ఒక ఆఫీసుకు తీసుకెళ్ళి ఇచ్చారు. అక్కడి ఉద్యోగి పుచ్చుకుని "పంపిస్తాం, తెలియజేస్తాం" అన్నాడు. రశీదు ఇవ్వలేదు. మేము మూడుసార్లు తిరిగాం. మూడోసారి ఆ ఉద్యోగి బదిలీ అయ్యాడనీ, రాయి సంగతి తమకు తెలియదనీ చెప్పారు. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. అది ఉల్కాశిలో, బట్టీలో మిగిలిన చిట్టెపు రాయో నాకు ఈనాటికీ తెలియదు. సొరుగులో భద్రంగా కూర్చుంటుందని మాస్టారు రాసిన వాక్యం చదివినప్పుడల్లా నాకు ఆ ఆఫీసు బల్లే గుర్తుకొస్తుంది.

భూగోళం మాస్టారు
మీ నాన్నగారికి జరిగినది తప్పే. కాని ఒక ఉద్యోగి నిర్లక్ష్యాన్ని తెచ్చి ప్రపంచ విజ్ఞానానికి తూకం రాయిగా వెయ్యడం వాదం కాదు. మీ దగ్గర ఎన్ని ఉల్కాశిలలున్నాయో కూడా సభ్యులకు చెప్పండి. పాత చర్చల్లో మీరే ఫోటోలు పెట్టారు, నాకు పదకొండు దాకా లెక్క తేలాయి. కొనేవాడు సంతను మెచ్చుకోవడంలో వింతేముంది?

రాళ్ళబండి
పద్నాలుగు. అన్నీ గ్రాముల లెక్కలో ఉన్న ముక్కలే, అన్నిటికీ బిల్లులున్నాయి. దొంగ అని నోరు తెరిచి అనండి, చాటుగా ఎందుకు?

పొద్దుతిరుగుడు
మాస్టారూ, ఆ లెక్క అనవసరం.

భూగోళం మాస్టారు
దొంగ అనలేదు, అనను. మాట తూలినందుకు మన్నించాలి. నా కోపానికీ ఒక కారణం ఉంది. ఉద్యోగ విరమణకు ముందు సంవత్సరం, పిల్లలకు ఒక్కసారైనా చేతికిచ్చి చూపించాలన్న తపనతో, ఆన్‌లైనులో 6,000 రూపాయలు పెట్టి ఉల్కాశిల ముక్క ఒకటి కొన్నాను. ధ్రువపత్రం కూడా వచ్చింది. రెండేళ్ళ పాటు మూడు తరగతుల పిల్లలు దాన్ని ముట్టుకుని, "ఇది 450 కోట్ల సంవత్సరాల నాటిది" అని నా మాట నమ్మి నోటుపుస్తకాల్లో రాసుకున్నారు. తరువాత తెలిసినవారు చూసి, అందులోని గాలి బుడగల రంధ్రాలు చూపించి, ఇది ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం అన్నారు. ఆ పిల్లలందరినీ వెనక్కి పిలిచి నేను చెప్పింది అబద్ధమని చెప్పే వీలు నాకు లేకపోయింది. సంత అంటే నాకు అది.

పాలపుంత
ఒకరు రశీదు ఇవ్వని ఆఫీసు మీద, ఒకరు దొంగ ధ్రువపత్రం మీద కోపంతో ఉన్నారు. ఇద్దరూ ఆ కోపాన్ని నైజర్ రాయి మీద చూపిస్తున్నారు. రాళ్ళబండి గారూ, సూటిగా అడుగుతాను. ఆ రోజు ఆ ఆఫీసులో రశీదు రాసిచ్చి, మీ నాన్నగారి పేరు నమోదు చేసి ఉంటే, డబ్బు ఇవ్వకపోయినా మీరు ఈ సంతను ఇంత గట్టిగా సమర్థించేవారా?

రాళ్ళబండి
ఒక రోజంతా ఆలోచించి రాస్తున్నాను. సమర్థించేవాణ్ణి కాదేమో. ఆయన డబ్బు అడగలేదు. అది ఏమిటో చెప్పమన్నారు, అంతే. కాని ఒక మాట మీద మాత్రం నేను తగ్గను. పేరు, రశీదు, పారితోషికం ఏవీ లేకుండా ఇచ్చెయ్యమంటే, తరువాత దొరికినవాడు ఎవరికీ చెప్పడు. చట్టం ఎంత గట్టిదైతే రాయి అంత లోతుగా దాక్కుంటుంది. నైజర్ నిషేధం వల్ల ఎడారిలో వెతకడం ఆగదు, రాయి దొరికిన చోటు గురించి నిజం చెప్పడం ఆగుతుంది. మీరు కోరే చిరునామా అప్పుడు అసలే రాదు.

భూగోళం మాస్టారు
ఇది మొదటి టపాలోనే రాసి ఉంటే మనం అగాదెజ్ వైశాల్యం గురించి తగువు పడేవాళ్ళం కాదు. పేరుకూ రశీదుకూ నాకు అభ్యంతరం లేదు, అవి హక్కుగా ఇవ్వవలసినవే. పారితోషికం దగ్గర మాత్రం మీతో విభేదిస్తాను. బరువును బట్టి డబ్బు అన్న పుకారు పుడితే చాలు, పడిన రాయిని పదిమంది సుత్తులతో పంచుకుంటారు. 2017 జూన్ 6న జైపూర్ దగ్గర ముకుంద్‌పురాలో పడిన కర్బన ఉల్కాశిల వేలితో నలిపితే పొడి అయ్యేంత మెత్తనిది. అటువంటిదానికి వాన తడి, చేతి చెమట కూడా శత్రువులే. ఇక బేరసారాల కోసం వారం రోజులు చేతులు మారితే ఏం మిగులుతుంది? మన దేశంలో వీటిని కాపాడే బాధ్యత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాది. నేరుగా వారికి చేరే దారి ప్రతి మండలంలోనూ తెలిసి ఉండాలి, మధ్యలో ఏ బల్ల మీదా ఆగకూడదు.

డాలస్ బావగారు
పారితోషికం బరువును బట్టి కాకుండా ఎంత త్వరగా అప్పగించారన్న దాన్ని బట్టి ఇస్తే సుత్తుల బెడద ఉండదు కదా? 2021 ఫిబ్రవరి 28న ఇంగ్లండులోని వించ్‌కూంబ్‌లో ఒక ఇంటి ముందు పడిన పొడిని, మరునాటి ఉదయమే ఆ ఇంటివాళ్ళు సంచుల్లోకి ఎత్తి భద్రపరచి శాస్త్రవేత్తలకు అప్పగించారు. అదీ ముకుంద్‌పురా జాతిదే.

రాళ్ళబండి
త్వరను బట్టి అన్నది బాగుంది. దాని మీద వేరే చర్చ మొదలుపెడితే పాల్గొంటాను.

భూగోళం మాస్టారు
మొదలుపెడతాను. ఈలోగా ఒక సంగతి చెప్పండి. మీ నాన్నగారికి దొరికిన రాయి పైపెంకు ఎలా ఉండేది? అయస్కాంతం పెట్టి చూశారా? రంధ్రాలేమైనా ఉన్నాయా?

రాళ్ళబండి
పైన నల్లటి పలుచని పెంకు, నాగలి తగిలి పగిలిన అంచున బూడిద రంగు. పాత రేడియో స్పీకరు అయస్కాంతం అంటుకుంది, గట్టిగా కాదు. రంధ్రాలు చూసిన గుర్తు లేదు. ఆ రోజుల్లో ఫోనులో తీసిన ఫోటో ఒకటి ఉంది గాని, మసకగా ఉంటుంది, రాయి కంటే నాన్నగారి చెయ్యే ఎక్కువ కనిపిస్తుంది.

భూగోళం మాస్టారు
పెట్టండి. చెయ్యి ఉంటేనే మంచిది, కొలతకు పనికివస్తుంది.